సైనిక డిసేబిలిటీ పెన్షన్ తిరస్కరిస్తే అప్పీలు ఎలా చేయాలి

సైన్యం నుంచి డిశ్చార్జ్ అయి ఇంటికి వచ్చిన కొద్ది నెలలకు రికార్డ్స్ ఆఫీసు నుంచి ఒక ఉత్తరం వస్తుంది. మీకున్న బీపీ గానీ, నడుము డిస్కు సమస్య గానీ, వినికిడి లోపం గానీ సైనిక సేవ వల్ల కలిగినది కాదనీ, సైనిక సేవ వల్ల ముదిరినదీ కాదనీ, కాబట్టి మీరు డిసేబిలిటీ పెన్షన్‌కు అర్హులు కారనీ అందులో రాసి ఉంటుంది. ఈ మాటనే నాలుగు ఇంగ్లీషు అక్షరాలకు కుదించి యూనిట్లలో ‘నానా’ అంటారు. ‘నాకు నానా రాశారు’ అని ఒక మాజీ సైనికుడు చెబితే ఎదుటి మాజీ సైనికుడికి ఇంకే వివరణా అక్కరలేదు.

ఆ ఉత్తరం అందుకున్నవారిలో కొందరు దానిని ట్రంకుపెట్టె అడుగున పెట్టేసి మరిచిపోతారు. మరికొందరు ఇన్నేళ్లు దేశానికి సేవ చేశాను, ఇప్పుడు నడవలేకపోతున్నాను, దయచూపండి అని నాలుగు పేజీల విన్నపం రాసి పంపుతారు. ఆ నాలుగు పేజీలకు రెండు వాక్యాల జవాబు వస్తుంది, అదీ తిరస్కరణే. ఎందుకంటే అప్పీలు కమిటీ తేల్చవలసింది డిశ్చార్జ్‌కు ముందు మిమ్మల్ని పరీక్షించిన వైద్యాధికారుల బృందం, అంటే మెడికల్ బోర్డు, తన ఫారంలోని ఒక గడిలో రాసిన కారణం నిలుస్తుందా లేదా అన్న ఒక్క ప్రశ్ననే. కనుక మీరు చేయవలసిన పని అంతా ఆ గడిని సంపాదించడం, చదవడం, దానికి కాగితంతో జవాబు చెప్పడం. మిగిలినదంతా పద్ధతి, గడువులు.

మొదట మీ కేసు ఏ రకమో తేల్చుకోండి

డిసేబిలిటీ పెన్షన్ అడగడానికి రెండు షరతులు ఉన్నాయి. వైకల్యం సైనిక సేవ వల్ల కలిగినదో, సైనిక సేవ వల్ల ముదిరినదో అయి ఉండాలి. దాని తీవ్రత కనీసం 20 శాతం ఉండాలి. ఏ షరతు దగ్గర మీ కేసు ఆగిపోయిందో దానిని బట్టి అప్పీలు మారుతుంది.

మీరు ఎలా బయటికి వచ్చారన్నది కూడా ముఖ్యమే. ఒప్పంద కాలం పూర్తికాకముందే ఆరోగ్యం బాగాలేదని సైన్యమే పంపించివేస్తే దానిని ఇన్‌వాలిడ్ అవడం అంటారు. అలా వచ్చినవారి వైకల్యం 20 శాతానికి పైనే ఉందని భావించాలని సుప్రీంకోర్టు 2014లో సుఖ్‌విందర్ సింగ్ కేసులో చెప్పింది. కాబట్టి మీకు 15 శాతమే రాసి ఇన్‌వాలిడ్ చేసి ఉంటే ఆ తీర్పు మీకు పనికొస్తుంది. సర్వీసు పూర్తిచేసుకుని లో మెడికల్ కేటగిరీలో, అంటే ఆరోగ్య శ్రేణి తగ్గించిన స్థితిలో, రిటైర్ అయినవారికి మాత్రం ఆ సౌకర్యం లేదు. వారి వైకల్యం 20 శాతం లోపే ఉంటే డిసేబిలిటీ ఎలిమెంట్, అంటే పెన్షన్‌లో వైకల్యానికి ఇచ్చే భాగం, రాదని అదే కోర్టు 2019 డిసెంబరులో ఎస్.పి. రాథోర్ కేసులో తేల్చింది. అటువంటివారు ‘సేవ వల్ల కలిగింది’ అని ఎంత వాదించినా ప్రయోజనం ఉండదు. శాతమే తప్పుగా వేశారని చూపి, మళ్లీ పరీక్ష చేయమని అడగాలి. తమంతట తాము ముందుగా రిటైర్ అయినవారు 2006 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ బయటికి వచ్చి ఉంటే అర్హులే. వారిలో చాలామందికి ఈ సంగతి తెలియదు.

ఇక మీరు బయటికి వచ్చిన తేదీ ఏ నియమాలు వర్తిస్తాయో నిర్ణయిస్తుంది. 2007 చివరి వరకు వచ్చినవారికి 1982 నాటి ఎన్‌టైటిల్‌మెంట్ రూల్స్, 2008 జనవరి 1 నుంచి వచ్చినవారికి 2008 రూల్స్, 2023 సెప్టెంబరు 21 నుంచి వచ్చినవారికి 2023 రూల్స్ వర్తిస్తాయి. ఈ తేడా ఎందుకు ముఖ్యమో తర్వాత వస్తుంది, కానీ డిశ్చార్జ్ బుక్ తీసి ఆ తేదీని ఇప్పుడే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.

కాగితాలు తెప్పించుకోండి

మీకు కావలసిన ప్రధానమైన పత్రం రిలీజ్ మెడికల్ బోర్డు ప్రొసీడింగ్స్, అంటే ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-16 అనే ఫారం. ఇన్‌వాలిడ్ అయినవారికి బోర్డు పేరు ఇన్‌వాలిడింగ్ మెడికల్ బోర్డు, కానీ ఫారం ఇదే. దీనితోపాటు భర్తీ సమయంలో జరిగిన వైద్య పరీక్ష ఫారం, కేటగిరీ తగ్గించినప్పుడు జరిగిన ప్రతి మెడికల్ బోర్డు కాగితాలు అంటే ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-15లు, ఆసుపత్రిలో చేరినప్పటి కేస్ షీట్లు, డిశ్చార్జ్ చీటీలు కావాలి. గాయం వల్ల వచ్చిన వైకల్యం అయితే ఐఏఎఫ్‌వై-2006 అనే గాయం నివేదిక, కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ జరిగి ఉంటే దాని నకలు కూడా అడగాలి.

ఇవన్నీ మీ రికార్డ్స్ ఆఫీసులో ఉంటాయి. తెలుగువారు ఎక్కువగా కనిపించే విభాగాలు తీసుకుంటే, ఈఎంఈ (యంత్రాల మరమ్మతు విభాగం), ఏఓసీ (ఆయుధ సామగ్రి విభాగం) రికార్డ్స్ సికింద్రాబాద్‌లోనే ఉన్నాయి. ఆర్టిలరీ వారిది నాసిక్ రోడ్ క్యాంపు, మద్రాస్ ఇంజనీర్ గ్రూపు వారిది బెంగళూరు, మద్రాస్ రెజిమెంటు వారిది వెల్లింగ్టన్, సిగ్నల్స్ వారిది జబల్‌పూర్. నౌకాదళం నావికులకు ముంబైలోని బ్యూరో ఆఫ్ సెయిలర్స్, వాయుసేన వారికి ఢిల్లీ సుబ్రొతో పార్కులోని ఎయిర్‌ఫోర్స్ రికార్డ్ ఆఫీసు ఉన్నాయి.

మామూలు ఉత్తరం రాసి ఎదురుచూడకుండా సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేయండి. రుసుము 10 రూపాయలు, జవాబు గడువు 30 రోజులు, జవాబు రాకపోయినా సగమే వచ్చినా పై అధికారికి అప్పీలు చేసుకునే హక్కు ఉంటుంది. దరఖాస్తులో ‘నా మెడికల్ రికార్డులు ఇవ్వండి’ అని రాస్తే ఏదో ఒక పేజీ పంపి ఊరుకుంటారు. ఫారం పేరు, బోర్డు జరిగిన ఆసుపత్రి, తేదీ విడివిడిగా రాసి, అన్ని పేజీలూ ధ్రువీకరించిన నకళ్లుగా కావాలని అడగండి. ఆర్మీ నంబరు, హోదా, పేరు, డిశ్చార్జ్ తేదీ మీ డిశ్చార్జ్ బుక్‌లో ఎలా ఉన్నాయో అక్షరం పొల్లుపోకుండా అలాగే రాయండి. ఇంటిపేరు ముందా వెనకా అన్న చిన్న తేడాకు ఉత్తరం తిరిగొచ్చిన సందర్భాలు నేను చూశాను.

కాగితాల కోసం ఎదురుచూస్తూ అప్పీలు గడువు దాటనివ్వకండి. ఆరు నెలలు దగ్గరపడుతుంటే ఒక పేజీ అప్పీలు పంపి, బోర్డు పత్రాలు అందగానే పూర్తి ఆధారాలు సమర్పిస్తానని అందులో రాయండి.

ఫారం చదవడం

ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-16 చేతికి వచ్చాక మొదటి పేజీలు తిప్పేసి చివరికి వెళ్లడం అందరికీ ఉన్న అలవాటు. అలా చేయకండి. మొదటి భాగంలో మీరు ఇచ్చిన వాంగ్మూలం ఉంటుంది. అందులో ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఏ ఊళ్లో పనిచేశారు, అది పీస్ స్టేషనా (మామూలు కంటోన్మెంటు వంటిదా), ఫీల్డా (సరిహద్దు లేదా ఆపరేషన్ల ప్రాంతమా), ఎత్తైన ప్రాంతమా అన్న పట్టిక ఉంటుంది. జబ్బు మొదట ఎప్పుడు, ఎక్కడ బయటపడిందో కూడా అక్కడే ఉంటుంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. ఫీల్డ్ పోస్టింగు ముగిసిన ఎన్ని నెలలకు జబ్బు బయటపడిందో లెక్క కట్టండి. పట్టికలో ఏదైనా పోస్టింగు రాయకుండా వదిలేశారేమో మీ డిశ్చార్జ్ బుక్‌తో పోల్చుకోండి.

తర్వాత బోర్డు అభిప్రాయం ఉన్న భాగానికి వెళ్లండి. అక్కడ ప్రతి వైకల్యానికీ ఒక వరుస ఉంటుంది: సేవ వల్ల కలిగిందా, సేవ వల్ల ముదిరిందా, సేవతో సంబంధం లేదా అన్న మూడు గడుల్లో అవును, కాదు అని రాసి, చివరి గడిలో కారణం రాస్తారు. మీరు వెతుకుతున్న గడి ఇదే. అందులో ఉన్న మాటలను ఉన్నవి ఉన్నట్టుగా ఒక కాగితం మీద ఎత్తి రాసుకోండి. ఒక్కోసారి ఆ గడి ఖాళీగా ఉంటుంది, లేదా ‘సేవతో సంబంధం లేదు’ అన్న ఫలితాన్నే మళ్లీ కారణంగా రాసి ఉంటుంది. అది మీకు బలమైన విషయం.

భర్తీకి ముందే ఈ వైకల్యం ఉందా అన్న ప్రశ్నకు బోర్డు ఏమి రాసిందో కూడా చూడండి. సాధారణంగా ‘లేదు’ అని ఉంటుంది. భర్తీకి ముందు లేదని ఒక పేజీలో, సేవతో సంబంధం లేదని మరో పేజీలో రాసినప్పుడు, మరి ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పవలసిన బాధ్యత బోర్డుదే అన్న వాదనకు అక్కడే పునాది పడుతుంది.

శాతాల గడి దగ్గర చాలామంది తికమక పడతారు. అన్ని వైకల్యాలకూ కలిపి 30 శాతం జీవితాంతం అని ఒక చోట ఉంటుంది. పెన్షన్‌కు అర్హమైన నికర శాతం అన్న పక్క గడిలో ‘నిల్’ అని ఉంటుంది. శాతం సున్నా వేశారని దీని అర్థం కాదు. 30 శాతాన్ని బోర్డు ఒప్పుకుంది, నానా రాసినందువల్ల పెన్షన్ లెక్కకు అది రాలేదు. కారణాన్ని పడగొడితే ఆ 30 శాతం తనంతట తానే లెక్కలోకి వస్తుంది. రెండు మూడు జబ్బులు ఉన్నప్పుడు వాటి శాతాలను నేరుగా కూడరనీ, మొత్తం మీద శరీరంపై పడిన ప్రభావాన్ని చూసి ఉమ్మడి శాతం వేస్తారనీ కూడా గుర్తుంచుకోండి. 30, 20 కలిపితే 50 రాలేదని అప్పీలు చేయడం వృథా.

ఇంకా సర్వీసులో ఉండి ఇది చదువుతున్నవారికి ఒక మాట: బోర్డు రోజున ఆ వాంగ్మూలం మీద సంతకం పెట్టే ముందు పోస్టింగుల పట్టిక మీరే నింపండి. ఇంటికి వెళ్లే తొందరలో క్లర్కు నింపినదాని కింద సంతకం చేసి, ఏళ్ల తర్వాత దానిని సరిదిద్దడానికి తిరిగేవారు ఎందరో ఉన్నారు.

కారణానికి జవాబు తయారు చేయండి

బోర్డు రాసే కారణాలు లెక్కకు చాలా ఉన్నట్టు కనిపించినా తరచుగా ఎదురయ్యేవి కొన్నే.

బీపీ, షుగర్ వంటి వాటికి ‘పీస్ స్టేషన్‌లో బయటపడింది, ఫీల్డ్ సేవ ఒత్తిడితో దగ్గరి కాల సంబంధం లేదు’ అన్నది ఎక్కువగా కనిపించే కారణం. గోదావరి ప్రాంతం నుంచి ఒక హవల్దార్ ప్లాస్టిక్ సంచి నిండా కాగితాలతో వచ్చినప్పుడు అతని ఫారంలో సరిగ్గా ఇదే ఉంది. పీస్ స్టేషన్‌కు వచ్చిన ఐదో నెలలో జబ్బు బయటపడినట్టు రాశారు. సంచిలోని కాగితాలన్నీ నేల మీద తేదీల వారీగా పరిస్తే, మందుల చీటీల మధ్యలో మడత పడి ఒక ఎంఐ రూము (యూనిట్‌లోని చిన్న వైద్యశాల) చీటీ దొరికింది. అది ఫీల్డ్‌లో ఉన్నప్పటిది. తలనొప్పి అని వెళితే బీపీ 150/100 అని రాసి, రెండు రోజులు విశ్రాంతి ఇచ్చి పంపారు. ఆ చీటీ అతనికి తలనొప్పి మాత్రల చీటీగానే గుర్తుంది. జబ్బు పేరు పెట్టింది పీస్ స్టేషన్‌లో అయినా జబ్బు మొదట కనబడింది ఫీల్డ్‌లోనని చెప్పడానికి ఆ ఒక్క కాగితం సరిపోయింది. అప్పీలులో మిగతా మూడు పేజీలు తీసేసి ఆ చీటీ చుట్టూ ఒక పేజీ రాశాం.

మీ దగ్గర అలాంటి చీటీ లేకపోయినా వార్షిక వైద్య పరీక్షల్లో నమోదైన అంకెలు ఉంటాయి. ఫీల్డ్‌కు వెళ్లే ముందు సంవత్సరం, ఫీల్డ్‌లో ఉన్న సంవత్సరాలు, వచ్చిన తర్వాతి సంవత్సరం అంకెలను ఒక పట్టికగా వేస్తే మార్పు కనబడవచ్చు. బరువు కూడా అందులోనే ఉంటుంది. ‘అధిక బరువు వల్ల వచ్చిన జీవనశైలి జబ్బు’ అని బోర్డు రాసి ఉంటే, జబ్బు బయటపడిన రోజుకు మీ బరువు పరిమితిలోనే ఉందని ఆ ఫారమే చెప్పవచ్చు. లేదా బోర్డు మాటే నిజమని తేలవచ్చు. అలా తేలితే ఆ దారి వదిలి మరో దారి వెతకాలి.

గుండె జబ్బుకు మెడికల్ ఆఫీసర్ల గైడ్‌లో ఒక ప్రత్యేకమైన కొలత ఉంది. గుండెపోటు రావడానికి ముందు 14 రోజుల్లో మీరు ఏయే విధులు చేశారో చూస్తారు. కాబట్టి ఆ రెండు వారాల గార్డు డ్యూటీలు, ఎక్సర్‌సైజులు, బీపీఈటీ వంటి శారీరక దారుఢ్య పరీక్షలు, కాన్వాయ్ ప్రయాణాల వివరం యూనిట్ ఇచ్చిందా, ఇచ్చినది బోర్డు చూసిందా అన్నది అడగవలసిన మొదటి ప్రశ్న.

వినికిడి లోపం ఆర్టిలరీ, ఆర్మర్డ్ వారికి సులువుగా అర్థమయ్యే కేసు: భర్తీనాటి పరీక్షలో చెవులు బాగున్నాయి, ఇన్నేళ్లు తోపుల దగ్గర పనిచేశారు, డిశ్చార్జ్‌నాటి ఆడియోగ్రామ్‌లో లోపం ఉంది. మీ ట్రేడు ఏమిటో, ఎన్నేళ్లు గన్ డిటాచ్‌మెంటులో ఉన్నారో డిశ్చార్జ్ బుక్ పేజీ జతచేసి చూపండి.

గాయాల విషయంలో అసలు ప్రశ్న ఆ సమయానికి మీరు డ్యూటీలో ఉన్నారా అన్నదే. యూనిట్ ఏర్పాటు చేసిన ఆటల్లో తగిలిన గాయం డ్యూటీ కిందికే వస్తుంది. సెలవు మీద ఇంటికి వెళ్తున్న, లేదా తిరిగి వస్తున్న ప్రయాణంలో జరిగిన ప్రమాదాన్నీ డ్యూటీగానే చూస్తారు. సెలవులో ఇంటి దగ్గర ఉండగా సొంత పని మీద బండి నడుపుతూ పడిపోతే మాత్రం సైనిక సేవతో సంబంధం చూపించడం చాలా కష్టం. అటువంటి కేసులో ‘తప్పకుండా వస్తుంది’ అని ఎవరైనా చెబితే నమ్మకండి.

మానసిక వ్యాధుల కేసులు రెండు వైపులా తిరిగాయి. 2013లో వీర్‌పాల్ సింగ్ కేసులో, కారణాలు లేని బోర్డు అభిప్రాయాన్ని ఉన్నదున్నట్టు అంగీకరించకుండా సుప్రీంకోర్టు మళ్లీ బోర్డు పెట్టమంది. 2019లో నర్సింగ్ యాదవ్ కేసులో అదే కోర్టు బోర్డు అభిప్రాయాన్నే సమర్థించింది. రెండింటికీ తేడా కాగితాల్లో ఉంది కాబట్టి మీ ఆసుపత్రి రికార్డు ఏ కేసుకు దగ్గరగా ఉందో చూసుకునే ముందుకు వెళ్లండి.

తీర్పులను ఎలా వాడుకోవాలి

ధరంవీర్ సింగ్ కేసు పేరు మీరు వినే ఉంటారు. సిగ్నల్స్‌లో చేరిన ఆయనను సుమారు తొమ్మిదేళ్ల తర్వాత మూర్ఛ వ్యాధి కారణంగా పంపించివేశారు. భర్తీ సమయంలో జబ్బు ఉన్నట్టు రాయకపోతే సైనికుడు ఆరోగ్యంగానే చేరాడని భావించాలనీ, కాదని నిరూపించే భారం ప్రభుత్వానిదనీ, బోర్డు కారణాలు రాసి తీరాలనీ సుప్రీంకోర్టు 2013 జులైలో చెప్పింది. చాలా అప్పీళ్లు ఈ తీర్పు పేరుతో మొదలై ఈ తీర్పు పేరుతోనే ముగుస్తాయి. కానీ ఆ తీర్పు 1982 రూల్స్ మీద ఇచ్చినది. 2008 రూల్స్‌లో, భర్తీ పరీక్ష పైపై పరీక్ష మాత్రమే కాబట్టి దాగి ఉన్న జబ్బు అప్పుడు కనబడకపోవచ్చనీ, సేవలో ఉండగా బయటపడినంత మాత్రాన సేవ వల్ల వచ్చినట్టు కాదనీ చేర్చారు. డిశ్చార్జ్ తేదీ రాసి పెట్టుకోమన్నది అందుకే. మీరు 2008 తర్వాత వచ్చినవారైతే ధరంవీర్ పేరు ఒక్కటే రాసి ఊరుకోవద్దు. నియమాలు మారినా బోర్డు కారణం చెప్పవలసిన బాధ్యత పోలేదనీ, పీస్ స్టేషన్‌లో బయటపడిందన్న మాట ఒక్కటే కారణం కాజాలదనీ 2025లో ఢిల్లీ హైకోర్టు 2008 రూల్స్ కిందే ఇచ్చిన తీర్పులు ఉన్నాయి. ఆ వాదనను వాడుకోండి. ఎలాగైనా తీర్పుకు ఒక పేరా, మీ కాగితాలకు రెండు పేరాలు అన్న కొలత పాటిస్తే మంచిది.

మొదటి అప్పీలు

తిరస్కరణ ఉత్తరం అందిన తేదీ నుంచి ఆరు నెలల లోపు మొదటి అప్పీలు చేయాలి. దానిని అప్పెలేట్ కమిటీ ఆన్ ఫస్ట్ అప్పీల్స్ పరిశీలిస్తుంది. జేసీఓలు (సుబేదార్ స్థాయి వారు), జవాన్లు తమ రికార్డ్స్ ఆఫీసు ద్వారానే పంపాలి. తిరస్కరణ ఉత్తరంలో ఇచ్చిన చిరునామాకే, ఆ ఉత్తరం నంబరు, తేదీ రాసి పంపండి. ఉత్తరప్రత్యుత్తరాలు ఇంగ్లీషు, హిందీల్లో నడుస్తాయి కాబట్టి ఆ భాషలు రాకపోతే మీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో సహాయం అడగండి.

అప్పీలు రెండు పేజీలు దాటనవసరం లేదు. మొదటి పేరాలో భర్తీ తేదీ, డిశ్చార్జ్ తేదీ, వైకల్యం పేరు, బోర్డు వేసిన శాతం ఉండాలి. రెండో పేరాలో బోర్డు కారణాన్ని వారి మాటల్లోనే ఎత్తి రాయాలి. మూడో పేరాలో జవాబు. ఆ హవల్దార్ అప్పీలులోని మూడో పేరా సారాంశం ఇలా ఉంది: “జబ్బు పీస్ స్టేషన్‌లో మొదలైందన్న బోర్డు అభిప్రాయం రికార్డుకు విరుద్ధం. నేను ఫీల్డ్‌లో ఉండగానే నా రక్తపోటు 150/100గా నమోదైంది (జత 4). ఈ పత్రాన్ని బోర్డు పరిశీలించినట్టు ప్రొసీడింగ్స్‌లో ఎక్కడా లేదు. భర్తీ సమయంలో నాకు ఈ జబ్బు లేదని బోర్డే ఒప్పుకుంది (జత 2, పేజీ 3).” చివరి పేరాలో ఏమి కావాలో స్పష్టంగా అడగాలి: వైకల్యం సేవ వల్ల కలిగినట్టు, లేదా కనీసం సేవ వల్ల ముదిరినట్టు గుర్తించి, డిసేబిలిటీ ఎలిమెంట్‌ను రౌండింగ్‌తో (శాతాన్ని పై మెట్టుకు పెంచి లెక్కించడం, వివరం తర్వాత వస్తుంది) సహా మంజూరు చేయమని. కలగడం, ముదరడం రెండింటినీ అడగండి. రెండింటిలో ఏది తేలినా పెన్షన్ వస్తుంది.

స్పీడ్ పోస్టులో పంపి రసీదును, అందినట్టు చూపే ట్రాకింగ్ పేజీ ప్రింటును జాగ్రత్త చేయండి. తర్వాత గడువు లెక్కించేది ఈ తేదీల మీదే.

శాతం మీదో, జబ్బు స్వభావం మీదో వివాదం ఉంటే కమిటీ అప్పీల్ మెడికల్ బోర్డుకు పంపవచ్చు. పిలుపు వస్తే పాత కాగితాల మూలప్రతులు, ఇటీవలి పరీక్షల ఫలితాలు తీసుకుని వెళ్లండి. మునుపు వేసిన శాతం అక్కడ తగ్గే అవకాశం కూడా ఉంటుంది. 30 శాతం ఒప్పుకుని నానా మాత్రమే రాసిన కేసులో శాతాన్ని మీరే కదిలించడం తెలివైన పని కాదు.

రెండో అప్పీలు, ట్రిబ్యునల్

మొదటి అప్పీలు తిరస్కరిస్తే మళ్లీ ఆరు నెలల లోపు సెకండ్ అప్పెలేట్ కమిటీ ఆన్ పెన్షన్స్‌కు వెళ్లాలి. మొదటి అప్పీలు నకలునే తిరిగి పంపకండి. తిరస్కరణ ఉత్తరంలో కొత్త కారణం ఏదైనా చేర్చారేమో చూసి, దానికి జవాబు చేర్చండి.

ఆ తర్వాతది ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్. 2007 చట్టంతో ఏర్పడి 2009 ఆగస్టులో మొదలైన ఈ ట్రిబ్యునల్‌కు చెన్నైలో ఉన్న ప్రాంతీయ బెంచి ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు వర్తిస్తుంది. రిటైర్ అయినవారు తాము నివసించే ప్రాంతపు బెంచిలోనే ఒరిజినల్ అప్లికేషన్ వేసుకోవచ్చు. చివరి పోస్టింగు ఎక్కడో అస్సాంలో అయినా అక్కడికి వెళ్లనవసరం లేదు. చట్టంలోని 21వ సెక్షన్ ప్రకారం ముందు శాఖాపరమైన మార్గాలు వాడుకుని ఉండాలి. అయితే మీ అప్పీలుకు ఆరు నెలలైనా తుది జవాబు రాకపోతే ఆ మార్గం ముగిసినట్టే లెక్క. 22వ సెక్షన్ ప్రకారం తుది జవాబు వచ్చినప్పటి నుంచి ఆరు నెలల లోపు, జవాబు రాకపోతే ఆ మొదటి ఆరు నెలలు ముగిశాక మరో ఆరు నెలల లోపు ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. ఆలస్యమైతే దానిని మన్నించమని విడిగా ఒక దరఖాస్తు జతచేయాలి.

పదిహేనేళ్ల కిందటి తిరస్కరణ ఉత్తరం చేతిలో పట్టుకుని ఇంకా లాభం ఉందా అని అడిగేవారు ఉంటారు. పెన్షన్ ప్రతి నెలా రావలసినది కాబట్టి, నిరాకరణ ప్రతి నెలా కొనసాగుతున్న అన్యాయంగా 2008లో తర్సేమ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు పరిగణించింది. అందుచేత తలుపు పూర్తిగా మూసుకుపోదు. కానీ పాత బకాయిలు సాధారణంగా కేసు వేసిన తేదీకి వెనక మూడేళ్ల వరకే ఇస్తారు. ఆలస్యం చేసిన ప్రతి నెలా ఒక నెల బకాయి పోగొట్టుకున్నట్టే. పైగా 2008 రూల్స్ ప్రకారం, డిశ్చార్జ్ అయిన 15 ఏళ్ల తర్వాత క్లెయిము చేసి, అప్పటికి సర్వీసు పత్రాలు గడువు తీరి నాశనమై ఉంటే, నిరూపించే భారం మీ మీద పడుతుంది.

ట్రిబ్యునల్‌లో మీరే స్వయంగా వాదించుకోవచ్చు, న్యాయవాదిని పెట్టుకోవచ్చు. వచ్చే బకాయిల్లో ఇంత శాతం ఇవ్వాలని ఎవరైనా అడిగితే ఒప్పుకోకండి. గెలుపు మీద వాటా మాట్లాడుకోవడం న్యాయవాదులకు బార్ కౌన్సిల్ నియమాలే నిషేధించాయి. వైకల్యం ఉన్న వ్యక్తికి 1987 నాటి న్యాయ సేవల చట్టం కింద ఉచిత న్యాయ సహాయం పొందే అర్హత ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఒక దరఖాస్తు ఇచ్చి చూడండి.

ట్రిబ్యునల్ కూడా కాదంటే సుప్రీంకోర్టుకు వెళ్లడానికి అనుమతి అడగవచ్చు, లేదా హైకోర్టులో రిట్ వేయవచ్చు. రిట్ వేసే దారి ఉందని 2023 మార్చిలో పరశోత్తమ్ దాస్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

రౌండింగ్ మరిచిపోకండి

డిసేబిలిటీ ఎలిమెంట్ 100 శాతానికి చివరి వేతనంలో 30 శాతం. తక్కువ శాతానికి ఆ నిష్పత్తిలో తగ్గుతుంది. లెక్కకు వచ్చే వేతనం 45,000 రూపాయలనుకుంటే 100 శాతానికి 13,500. 30 శాతానికి 4,050 రూపాయలు. అయితే 2001 జనవరి 31 నాటి రక్షణ శాఖ ఉత్తర్వు ప్రకారం 50 లోపు శాతాన్ని 50గా, 50 నుంచి 75 వరకు ఉన్నదానిని 75గా, ఆ పైదానిని 100గా తీసుకోవాలి. అప్పుడు ఆ 4,050 కాస్తా 6,750 అవుతుంది, దాని మీద డీఆర్ (కరువు భృతి) అదనం. మొదట ఇది ఇన్‌వాలిడ్ అయినవారికే ఇచ్చేవారు. సర్వీసు పూర్తిచేసి వచ్చినవారికీ వర్తిస్తుందని 2014 డిసెంబరు 10న రామ్ అవతార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఇప్పటికే డిసేబిలిటీ పెన్షన్ తీసుకుంటున్నవారు కూడా తమ పీపీఓ (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు) తీసి శాతం ఎంత రాసి ఉందో ఒకసారి చూసుకోవాలి. అక్కడ ఇంకా 20 అనో 30 అనో ఉంటే మెడికల్ వాదన ఏమీ అవసరం లేకుండా రౌండింగ్ ఒక్కటే అడుగుతూ దరఖాస్తు పెట్టవచ్చు.

ఆర్డరు వచ్చాక

అనుకూలంగా ఆర్డరు వచ్చిన రోజే డబ్బు రాదు. ధ్రువీకరించిన నకలు తీసుకుని, కవరింగ్ లెటరుతో రికార్డ్స్ ఆఫీసుకు పంపండి. వారు క్లెయిము తయారుచేసి పంపితే, ఆర్మీ వారికి ప్రయాగ్‌రాజ్‌లోని పీసీడీఏ పెన్షన్స్ కార్యాలయం కారిజెండం పీపీఓ, అంటే సవరించిన పీపీఓ, జారీ చేస్తుంది. అది రక్షణ శాఖ పెన్షన్లకు వాడే స్పర్శ్ పోర్టల్‌లో మీ ఖాతాలో కనబడుతుంది. ఆర్డరులో ఇచ్చిన గడువు దాటినా కదలిక లేకపోతే అదే బెంచిలో ఎగ్జిక్యూషన్ అప్లికేషన్, అంటే ఆర్డరును అమలు చేయించమనే దరఖాస్తు, వేయాలి. ఈలోగా పెన్షనర్ కన్నుమూస్తే అప్పటివరకు ఉన్న బకాయిలు కుటుంబానికి చెందుతాయి కాబట్టి స్పర్శ్‌లో భార్య పేరు, పుట్టిన తేదీ, జాయింట్ ఖాతా వివరాలు సరిగా ఉన్నాయో లేదో ముందే చూసుకోండి.

కొత్త పీపీఓ వచ్చినప్పుడు మూడు చోట్ల వేలు పెట్టి చదవండి: డిసేబిలిటీ శాతం రౌండింగ్ తర్వాతిదేనా, ‘జీవితాంతం’ అని ఉందా, అమలు తేదీ ఆర్డరులో ఉన్నదేనా. ఆ హవల్దార్ పీపీఓలో మొదటి రెండూ సరిగానే ఉన్నాయి, మూడోది పదకొండు నెలలు ముందుకు జరిగి ఉంది. దాని కోసం ఇంకో ఉత్తరం రాయవలసి వచ్చింది.